ఇనుము నడిచిన దారి – 9: కొలిమి లేని కమ్మరులు

1818 ఆగస్టు 10. గ్రీన్‌లాండ్ వాయవ్య తీరంలో మెల్విల్ అఖాతం. మంచు పలకల మధ్య ఇసబెల్లా, అలెగ్జాండర్ అనే రెండు ఇంగ్లిష్ ఓడలు ఆగి ఉన్నాయి. అట్లాంటిక్ నుంచి పసిఫిక్‌కు ఉత్తరపు దారి వెతకడానికి వచ్చిన కెప్టెన్ జాన్ రాస్ వాటికి నాయకుడు. మంచు మీద, దూరంగా, కుక్కల బళ్లతో కొందరు మనుషులు కనిపించారు. దగ్గరికి రారు, అలాగని పారిపోరు. రాస్ తన దుభాషిని పంపాడు. జాన్ సాక్యూస్ అనే ఆ యువకుడూ గ్రీన్‌లాండ్‌వాడే, పడమటి తీరపు ఇన్యూట్. రెండేళ్ల కిందట తిమింగలాలు వేటాడే ఓడలో దాక్కుని స్కాట్లండ్ చేరాడు. ఎడింబరోలో బొమ్మలు గీయడం నేర్చుకున్నాడు. ఆ రోజు జరిగిందంతా బొమ్మగా గీసిపెట్టిందీ ఆయనే.

మంచులో ఒక చీలిక. ఇవతల సాక్యూస్, అవతల వాళ్లు. వాళ్లలో కాస్త ధైర్యం ఉన్నవాడు చీలిక అంచుదాకా వచ్చి, బూటులోంచి కత్తి తీసి, వెళ్లిపోతావా చంపమంటావా అన్నట్టు గద్దించాడు. సాక్యూస్ పూసల దండలు విసిరాడు. గళ్ల చొక్కా విసిరాడు. ఎవరూ ముట్టుకోలేదు. చివరికి ఒక ఇంగ్లిష్ కత్తి విసిరాడు. దాన్ని మాత్రం మెల్లగా వచ్చి తీసుకున్నారు, కేకలు పెట్టారు, తమ ముక్కులు తామే లాక్కున్నారు. ఆ ముక్కులు లాక్కోవడం వాళ్ల మర్యాద కాబోలనుకుని తెల్లవాళ్లూ లాక్కున్నారట. ఓడలను చూసి అవి ప్రాణమున్నవనుకున్నారు, మీరు సూర్యుడి నుంచి వచ్చారా చంద్రుడి నుంచి వచ్చారా అని అడిగారు. కత్తి దగ్గర మాత్రం వాళ్లకు ఏ అనుమానమూ రాలేదు.

ఈ కథ చెప్పేవాళ్లంతా విసిరిన కత్తి గురించే చెబుతారు. నాకు బూటులోంచి వచ్చిన కత్తి మీద ఆసక్తి. దాని అంచు ఇనపది. చెట్టు మొలవని నేలలో, ఏ పరదేశి ఓడతోనూ అంతవరకు వ్యాపారం లేని మనిషి చేతికి ఇనుము ఎలా వచ్చింది?

పోయిన భాగంలో నిజామాబాద్ వైపు కోనసముద్రం ఉక్కు గురించి చెప్పుకున్నాం. అక్కడ ఖనిజం ఉంది, మూసకు మట్టి ఉంది, బొగ్గు కాల్చడానికి అడవి ఉంది, తిత్తులు ఊదే చేతులున్నాయి, పర్షియా నుంచి వచ్చి కొనుక్కుపోయే వర్తకులున్నారు. ఈ వారం మనం వెళ్లే చోట వీటిలో ఒక్కటీ లేదు. ఇనుము కరగాలంటే 1538 డిగ్రీల వేడి కావాలి. కరిగించకుండా ఖనిజం నుంచి విడదీయడానికే వెయ్యి డిగ్రీలు దాటాలి. ఇనుఘుయిట్లు అనే ఈ ఇన్యూట్ జనం ఇళ్లలో వెలిగేది సీల్ కొవ్వు పోసిన రాతి దీపం. దాని మీద మాంసం ఉడుకుతుంది, తాగడానికి మంచు కరుగుతుంది. అంతకుమించిన నిప్పు వాళ్లకు లేదు. కట్టె ఎంత కరువంటే, కుక్కలు లాగే బళ్లను కూడా ఎముక ముక్కలకు తోలు తాళ్లు కట్టి చేసుకునేవారు.

వాళ్ల కత్తి కూడా ఆ కరువుకు తగినట్టే ఉంటుంది. పిడీ, వెన్నూ కలిపి ఒకే ఎముక లేదా దంతం. వాల్‌రస్ కోరో, నార్వాల్ కొమ్మో, ఏది దొరికితే అది. దాని ఒక అంచున పొడవునా సన్నని గాడి తీస్తారు. గాడిలో గోరంత గోరంత ఇనప రేకులను ఒకదాని పక్కన ఒకటి బిగిస్తారు. ఆ రేకుల వరసే వాదర. మన కంటికి ముక్కల కూర్పులా కనిపిస్తుంది కానీ, ఆలోచిస్తే అందులో ఎంత లెక్క ఉందో తెలుస్తుంది. మొత్తం కత్తికి పట్టే ఇనుము గుప్పెడు కూడా ఉండదు. కోసే చోట తప్ప ఇంకెక్కడా ఇనుము వృథా కాలేదు. ఒక రేకు విరిగితే కొత్త రేకు దిగేస్తే సరి, కత్తి పారేయనక్కర్లేదు.

రాస్ ఈ ఇనుము ఎక్కడిదని అడిగించాడు. ముందు వచ్చిన జవాబు, సముద్రంలో కొట్టుకొచ్చిన చెక్కలో మేకులు దొరికాయని. తర్వాత అసలు సంగతి బయటపడింది. ఒక కొండ ఉందనీ, అక్కడ ఇనప బండలున్నాయనీ, గట్టి రాళ్లతో కొట్టి ముక్కలు తీసుకుంటామనీ చెప్పారు. మంచు అడ్డం రావడంతో రాస్ అక్కడికి వెళ్లలేకపోయాడు. లండన్ చేరిన ఇనుమును రసాయన శాస్త్రవేత్త వొల్లాస్టన్ పరీక్షించి అందులో నికెల్ ఉందని తేల్చాడు. భూమ్మీద ఖనిజం కరిగించి తీసిన మామూలు ఇనుములో నికెల్ అంతగా ఉండదు. ఇది ఆకాశం నుంచి పడ్డ ఇనుము.

ఇప్పుడు దాన్ని కేప్ యార్క్ ఉల్క అంటున్నారు. వేల ఏళ్ల కిందట ఆకాశంలో పగిలి ఆ తీరమంతా ముక్కలుగా పడింది. వాటిలో మూడింటికి ఇనుఘుయిట్లు పేర్లు పెట్టుకున్నారు. 31 టన్నుల పెద్ద బండ డేరా. సుమారు 3 టన్నులది స్త్రీ. 400 కిలోలది కుక్క. ఒక స్త్రీ డేరాలో కూర్చుని కుట్టుపని చేసుకుంటూ ఉంటే, టోర్నార్సుక్ అనే దుష్టశక్తి ఆమెనూ ఆమె కుక్కనూ డేరానూ కలిపి ఆకాశం నుంచి కిందికి విసిరేసిందని వాళ్ల కథ. శాస్త్రం చెప్పేదానికి ఈ కథ పెద్ద దూరంగా లేదు. పైనుంచి పడ్డదన్న మాట అందులోనూ ఉంది.

పనిముట్లు రెండే, సమ్మెట రాయి, దాగలి రాయి. ‘స్త్రీ’ చుట్టూ ఆ సమ్మెట రాళ్లు వేలకొద్దీ గుట్టలుగా పడి ఉన్నాయి. అక్కడి నేలలో దొరికే రాయి ఈ దెబ్బకు ఆగదు. గట్టి బసాల్ట్ కావాలి, అది అక్కడ లేదు. పదుల కిలోమీటర్ల దూరం నుంచి మోసుకురావాలి. ఇనుము కోసం వచ్చే ప్రతివాడూ తన సమ్మెట తానే తెచ్చుకుని, కొట్టి కొట్టి అరిగిపోయాక అక్కడే వదిలి వెళ్లాడన్నమాట. తరతరాల పని అలా గుట్టపడింది. ఒక కమ్మరి వీధి ఎన్ని వందల ఏళ్లు నడిచిందో చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన గుర్తు నాకు ఇంకెక్కడా తారసపడలేదు.

పని మాత్రం మహా మొండి పని. బండ మీద ఎక్కడ గట్టు లేచి ఉందో, ఎక్కడ పెళుసుగా పొర ఉందో చూసుకోవాలి. అక్కడ పదే పదే కొడితే చిన్న పెచ్చు లేస్తుంది. ఆ పెచ్చును దాగలి మీద పెట్టి చల్లగా ఉండగానే పలచగా సాగగొట్టాలి. ఈ ఇనుములో నికెల్ 8 శాతం దాకా ఉంటుంది, బొగ్గుపాలు దాదాపు ఉండదు. అందుకే విరగకుండా సాగుతుంది. ఇంకో మేలు కూడా ఉంది. చల్లని ఇనుమును కొట్టేకొద్దీ అది గట్టిపడుతుంది. మన కమ్మరి ఎర్రగా కాల్చి నీళ్లు పట్టి తెచ్చే గట్టిదనంలో కొంత వీళ్లకు దెబ్బలతోనే వచ్చేది. ఇంకా కొడితే చిట్లుతుంది. ఎక్కడ ఆపాలో చేతికి తెలియాలి. తర్వాత రాతి మీద నూరి పదును పెట్టి గాడిలో దించడమే. ఈ రేకులను సూక్ష్మదర్శిని కింద చూసినప్పుడు, ఉల్క ఇనుములో సహజంగా ఉండే అడ్డగీతల అల్లిక వంగి, నలిగి కనిపిస్తుంది. నిప్పు చూడకుండా, దెబ్బలు మాత్రమే తిన్న లోహానికి అదే సాక్ష్యం.

ఆకాశపు ఇనుముతో కత్తి చేసినవాళ్లు వీళ్లొక్కరే కారు. టుటన్‌ఖామున్ మమ్మీ దగ్గర దొరికిన బాకు ఉల్క ఇనుమేనని 2016లో తేలింది. మన దేశంలో జహంగీర్ కథ ఉండనే ఉంది. 1621లో జలంధర్ దగ్గర పడ్డ ఉల్కను తవ్వించి తెప్పించి, ఉస్తాద్ దావూద్ అనే పనివాడికి ఇచ్చాడు. అది సమ్మెట కింద నిలవక ముక్కలైంది. అప్పుడు మూడు పాళ్ల ఉల్కకు ఒక పాలు మామూలు ఇనుము కలిపి రెండు కత్తులు, ఒక బాకు, ఒక చాకు చేశారని పాదుషా తన ఆత్మకథలో రాసుకున్నాడు. వాటిలో ఒకటి ఇప్పుడు వాషింగ్టన్‌లోని ఫ్రీర్ గ్యాలరీలో ఉంది. ఫారోకు, పాదుషాకు అది వింత వస్తువు. ఇనుఘుయిట్లకు అది సీల్ మాంసం కోసే కత్తి. ఉల్క ఇనుముతో రోజువారీ పని చేసుకుంటూ, తరాల తరబడి ఒక వృత్తినే నడిపిన వాళ్లు మాత్రం ఉత్తర ధ్రువం దగ్గరి ఈ కొద్దిమంది వేటగాళ్లే.

అయినా యూరప్ రచయితలు చాలాకాలం వీళ్లను రాతియుగపు మనుషులనే రాశారు. రాయి, కంచు, ఇనుము అని మనిషి మెట్లెక్కాడని బడి పుస్తకాల్లో మనమూ చదువుకున్నాం. ఆ మెట్లు ఇక్కడ పనిచేయవు. ఇక్కడ ఇనుము ఉంది, కొలిమి లేదు. ఇనుఘుయిట్ల పూర్వీకులు రాకముందే, దాదాపు 1200 ఏళ్ల కిందట, డోర్సెట్ సంస్కృతి అని పిలిచే జనం ఈ బండల ఇనుము వాడారు. ఆ తర్వాత అలాస్కా వైపు నుంచి వచ్చిన థూలే జనం దాన్ని అందుకున్నారు. కేప్ యార్క్ ఇనుము రేకులు కెనడా ఆర్కిటిక్‌లో వందల మైళ్ల అవతల తవ్వకాల్లో దొరికాయి. చేతులు మారుతూ, కొమ్ములకూ తోళ్లకూ బదులుగా అంత దూరం వెళ్లాయి. థూలే జనం 13వ శతాబ్దంలో అంత వేగంగా తూర్పుకు రావడానికి కారణమే ఈ ఇనుము కావచ్చని కెనడా పురావస్తు శాస్త్రవేత్త రాబర్ట్ మెక్‌గీ వాదించాడు. అందరూ ఒప్పుకోలేదు. తిమింగలాల వెంట వచ్చారన్న పాత వాదం ఇంకా బతికే ఉంది. నాకైతే మెక్‌గీ మాటే సబబుగా తోస్తుంది. తిమింగలాలు పడమటి సముద్రాల్లోనూ ఉన్నాయి, ఇనప బండలు లేవు.

గ్రీన్‌లాండ్‌లోనే ఇంకో వింత ఉంది. పడమటి తీరంలోని డిస్కో ద్వీపంలో భూమి లోపలి నుంచే లోహపు ఇనుము వచ్చింది. లావా పైకి వచ్చే దారిలో బొగ్గుపొరలను దాటడంతో అందులోని ఇనుము అక్కడికక్కడే విడిపోయింది. ప్రకృతే కొలిమి పెట్టిందన్నమాట. 1870లో అక్కడ పెద్ద బండలు చూసిన అన్వేషకుడు నోర్డెన్‌షోల్డ్ అవి ఉల్కలే అనుకున్నాడు. అందులో 22 టన్నులది ఇప్పుడు స్టాక్‌హోంలో ఉంది. ఉల్క కాదు, భూమి ఇనుమేనని డేనిష్ శాస్త్రవేత్త స్టీన్‌స్ట్రప్ తర్వాత నిరూపించాడు. అక్కడి జనం ఆ పెద్ద బండల జోలికి పోలేదు, అవి పెళుసు. బసాల్ట్‌లో బఠాణీ గింజలంత ఇనప పలుకులుంటాయి. రాయిని నలగ్గొట్టి వాటిని ఏరి, చదును చేసి, ఎముక పిడికి ఎక్కించారు. ఇంకా పడమటన, కెనడాలోని కాపర్‌మైన్ నది ప్రాంతంలో శుద్ధమైన రాగి ముక్కలుగా దొరికేది. రాగిని కొడితే గట్టిపడి చిట్లుతుంది, కాస్త కాలిస్తే మళ్లీ మెత్తబడుతుంది, మళ్లీ కొట్టాలి. ఆ రాగి గని కోసం 1771లో ఇంగ్లిష్ అన్వేషకుడు సామ్యూల్ హెర్న్ కాలినడకన వందల మైళ్లు వెళ్లి, చివరికి నాలుగు పౌన్ల ముక్క ఒకటి పట్టుకుని వెనక్కి వచ్చాడు.

ఇంతవరకూ ప్రకృతి ఇచ్చిన లోహం. 19వ శతాబ్దంలో సముద్రం ఇంకో రకం గని పంపింది. ఉత్తరపు దారి వెతుకుతూ వచ్చి మంచులో చిక్కుకుపోయిన ఓడలు.

1829లో మళ్లీ వచ్చిన జాన్ రాస్ తన విక్టరీ ఓడను 1832లో వదిలేసి వెళ్లాడు. ఓడ, దాని ఆవిరి యంత్రం ఇనుముతో సహా, నెట్సిలిక్ ఇన్యూట్ల చేతికి వచ్చింది. 1853 జూన్‌లో రాబర్ట్ మెక్‌క్లూర్ ఇన్వెస్టిగేటర్ అనే ఓడను బ్యాంక్స్ ద్వీపం ఉత్తర తీరంలో మంచులో వదిలి నడిచి బయటపడ్డాడు. ఒడ్డున సరుకుల గుట్ట కూడా పెట్టి వెళ్లాడు. ఆ కబురు విక్టోరియా ద్వీపపు కాపర్ ఇన్యూట్లకు అందింది. దశాబ్దాల పాటు వాళ్లు కుటుంబాలతో ఆ ఏకాంత తీరానికి ప్రయాణాలు కట్టారు. పీపాల ఇనప పట్టీలు, మేకులు, ఓడ అడుగున తాపిన రాగి రేకులు, ఆహారం డబ్బాల తగరపు రేకులు, ఇంకా మెత్తని కలప. కలపంటే తేలిగ్గా తీసిపారేయకండి. చెట్టు లేని దేశంలో ఒక పీపా చెక్క ఎన్నో పిడులతో సమానం. రాయీ రాగీ కొట్టడం నేర్చిన చేతులకు పీపా పట్టీ కొత్తేమీ కాదు. అదే సుత్తి దెబ్బ, అదే నూరడం. ఇనుము మాత్రం అంతకు ముందెన్నడూ ఎరగనంత పుష్కలంగా దొరికింది. ఆ ఓడ శిథిలం 2010లో కెనడా పార్క్స్ సంస్థ పరిశోధకులకు సముద్రం అడుగున కనిపించింది.

అదే ఉత్తరపు దారి కోసం వెళ్లిన ఇంగ్లిష్ నావికుడు ఫ్రాంక్లిన్ ఓడల కథ చాలామందికి తెలిసినదే. 1845లో 129 మందితో వెళ్లిన ఎరిబస్, టెర్రర్ ఓడల్లో ఎవరూ తిరిగి రాలేదు. వాళ్లను వెతుక్కుంటూ వెళ్లిన లియోపోల్డ్ మెక్‌క్లింటాక్‌కు 1859లో బూతియా ద్వీపకల్పంలో ఇన్యూట్లు ఎదురయ్యారు. ఒకరి దుస్తుల మీద నౌకాదళం బొత్తాం. బేరం మొదలయ్యాక వెండి చెంచాలు బయటికి వచ్చాయి. వాటితోపాటు ఓడ ఇనుముతో, ఓడ కలపతో చేసిన కత్తులు వచ్చాయి. సూదులకు బదులుగా అన్నీ అమ్మారు. లండన్‌లో ఆ కత్తులను చూసినవాళ్లు చనిపోయిన నావికులను తలచుకున్నారు. తలచుకోవాల్సిందే. కానీ ఆ కత్తిని చేసిన మనిషి పనితనం గురించి ఒక్కరూ రాయలేదు. అది ఇంగ్లిష్ విషాదానికి ఆనవాలుగానే మ్యూజియంలో చేరింది. ఒకరి ఓడ ఇంకొకరి చేతిలో పనిముట్టు కావడాన్ని దోపిడీగా, ఏరుకోవడంగా చూసిన రాతలే ఎక్కువ. లారీ కమాను పట్టీ మన ఊరి కమ్మరి చేతిలో కొడవలి అయితే దాన్ని దొంగతనమని ఎవరైనా అంటారా?

దొరికిన ఇనుమును పనిముట్టుగా మార్చుకునే ఆ అలవాటు ఈనాటికీ పోలేదు. ఇన్యూట్ స్త్రీల కత్తిని ఊలు అంటారు. అర్ధచంద్రాకారపు అలుగు, దాని వీపున నడిమధ్య పిడి. మన కత్తిపీటలాగే ఇదీ నేల మీద కూర్చుని పనిచేసే ఆడవాళ్ల కోసం పుట్టిన కత్తి. కాకపోతే కత్తిపీటలో కత్తి కదలదు, ఊలులో కత్తే ఊగుతుంది. మాంసం కోయడం, సీల్ తోలు నుంచి కొవ్వు గీకడం, తోలును దుస్తులకు కత్తిరించడం అన్నీ దాంతోనే. ఇప్పటి ఊలు అలుగుల్లో పాత చేతిరంపాల నుంచి కోసినవి ఎన్నో. ఇందులో ఉన్న తెలివి గమనించండి. రంపం ఉక్కుకు ఫ్యాక్టరీలోనే నీళ్లు పట్టి ఉంటాయి. కొత్తగా కాల్చే పనిలేదు. కోసేటప్పుడు వేడెక్కకుండా చూసుకుని, ఆకురాయితో నిదానంగా అంచు తీస్తే చాలు. వేడెక్కిందా, గట్టిదనం చచ్చిపోతుంది. పిడికి కరిబూ కొమ్ము, లేదా మస్క్ ఆక్స్ కొమ్ము. చీలలకు మేకు ముక్కలు. కొలిమి లేకుండా కత్తి చేసే వెయ్యేళ్ల పద్ధతికి రంపం బిళ్ల చక్కగా అమరింది.

ఇక కేప్ యార్క్ బండల సంగతి. 1894 మే నెలలో అమెరికన్ అన్వేషకుడు రాబర్ట్ పియరీ ఒక స్థానికుడిని వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లాడు. దారి చూపినందుకు ఆ మనిషికి ఒక తుపాకీ ఇచ్చాడు. బండ మీద తన పేరు మొదటి అక్షరం గీశాడు. దాంతో అది పియరీ కనిపెట్టినదైపోయింది! ‘స్త్రీ’ ఒకప్పుడు ఇంకా చాలా పెద్దదనీ, తరాలుగా పెచ్చులు తీస్తూ ఉంటే ఇలా తరిగిందనీ అక్కడివాళ్లు ఆయనకు చెప్పారు. ఉత్తరాది గుంపు ఒకటి ఆమె తలను విరగ్గొట్టి బండి మీద తీసుకుపోతుంటే మంచు విరిగి తల, బండి, కుక్కలు అన్నీ మునిగిపోయాయనీ చెప్పారు. ఆయన విన్నాడు, రాసుకున్నాడు. 1895లో ‘స్త్రీ’నీ ‘కుక్క’నూ ఓడెక్కించాడు. ‘స్త్రీ’ని ఓడలోకి చేరుస్తుండగా ఆమె కింది మంచు పలక నిజంగానే పగిలింది. అప్పటికే ఓడ గొలుసులు తగిలించి ఉండటంతో బండ దక్కింది. 1896లో ‘డేరా’ కదలలేదు. 1897లో కదిలింది. దానికి పియరీ తన కూతురి పేర్లలో ఒకటైన అనిఘిటో పేరు పెట్టాడు.

తిమింగలాల వేటగాళ్లు ఇనుము తెచ్చి ఇస్తున్నారు కాబట్టి ఇన్యూట్లకు ఈ బండలతో పని లేదని పియరీ సమర్థించుకున్నాడు. అందులో కొంత నిజం లేకపోలేదు. అప్పటికి కొన్ని తరాలుగా అక్కడికి ఓడలు వస్తున్నాయి. అయితే పని లేకపోవడం వేరు, తీసుకుపోయే హక్కు ఉండటం వేరు. 1909లో పియరీ భార్య వాటిని న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీకి 40,000 డాలర్లకు అమ్మింది. ఇనుఘుయిట్లకు అందులో ఒక్క డాలరూ చేరలేదు.

1897లో ‘డేరా’తో పాటు అదే ఓడలో పియరీ ఆరుగురు ఇనుఘుయిట్లను కూడా న్యూయార్క్ తెచ్చాడు. నెలల్లోనే వారిలో నలుగురు జబ్బుచేసి చనిపోయారు. కిసుక్ అనే తండ్రిని పాతిపెట్టినట్టు అతని చిన్న కొడుకు మినిక్ ముందు ఉత్తుత్తి అంత్యక్రియలు జరిపి, ఎముకలను మ్యూజియంలో దాచుకున్నారు. పెద్దయ్యాక మినిక్ తండ్రి అస్థికలు ఇమ్మని ఎంత అడిగినా ఇవ్వలేదు. 1993లో ఆ నలుగురి అవశేషాలనూ గ్రీన్‌లాండ్‌లోని కానాక్‌కు పంపి ఖననం చేశారు. మూడు బండలూ మాత్రం న్యూయార్క్‌లోనే ఉన్నాయి. పెద్దదాని బరువుకు గచ్చు ఆగదని, దాని కింది స్తంభాలను భవనం అడుగున ఉన్న రాతినేల దాకా దించారు.

న్యూయార్క్, న్యూజెర్సీల్లో ఉంటున్న తెలుగువాళ్లు పిల్లలను ఆ మ్యూజియానికి తీసుకెళ్తూనే ఉంటారు. అందరూ 31 టన్నుల బండ పక్కన నిలబడి ఫొటో దిగుతారు. ఈసారి వెళ్లినప్పుడు అదే హాలులో ఉన్న ‘స్త్రీ’ దగ్గర కూడా కాసేపు ఆగండి. కత్తులు చేసుకున్నది ఎక్కువగా ఆ బండ నుంచే. అది ఎవరు కనిపెట్టారని పిల్లలు అడిగితే, పియరీ పేరు చెప్పకండి.

(సశేషం)